గీత దాటిన దయ్యం

నిఘా విభాగం ఇనప్పెట్టె కాపలాదారు శవం సోమవారం పొద్దున కోలోన్ రేవులో తేలింది. కాలు జారి నీళ్ళలో పడ్డాడని రిపోర్టు రాశారు. రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టుకుని మరీ కాలు జారిన మనిషి లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

మంగళవారం పదింటికి పనామా సిటీలో, పద్నాలుగో అంతస్తులో, పళ్ళు కొట్టుకునేంత చల్లటి గదిలో ఏజెంట్ కసిల్డా మొలినార్ నిలబడి ఉంది. ఎదురుగా నిఘా విభాగం డిప్యూటీ డైరెక్టర్ అర్నుల్ఫో. కూర్చోమని అనలేదు. ఈ దేశంలో కిటికీ తెరిస్తే ఎండ ఊరికే వస్తుంది. పెద్దమనుషులు దాన్ని మూసేసి, మిషను పెట్టి చలి తెచ్చుకుని, ఆ చలికి కోటు తొడుక్కుంటారు. అలా చేస్తే తాము వేరే దేశంలో ఉన్నట్టు ఉంటుంది వాళ్ళకి.

"పెట్టెలో ఉన్నది ఒకటే కాగితం," అన్నాడు అర్నుల్ఫో. "పదకొండు పేర్లు. అట్లాంటిక్ తీరంలో ఆయుధాలు దింపే విదేశీ ముఠా మీద రహస్యంగా సాక్ష్యం చెప్పినవాళ్ళు. కంప్యూటర్‌లో పెడితే దొంగిలిస్తారని చేత్తో రాయించాం. కాపీ లేదు."

"ఇప్పుడు అసలూ లేదు," అంది కసిల్డా.

"జోకులు వద్దు."

జోకు కాదది. ఆ పదకొండు మందిలో నాలుగో నంబరు సాక్షి ఎవరో కసిల్డాకు తెలుసు. ఏడాది కిందట ఆ సాక్షి చేతులు పట్టుకుని, "చెప్పు పిన్నీ, నీ పేరు బయటికి రాదు, నాది పూచీ" అని చెప్పించింది తనే. తెల్లారి పీతలు పట్టడానికి వెళ్ళిన పెత్రోనా పిన్ని, మడ అడవిలో తుపాకుల పెట్టెలు దింపుతున్న మొహాలను చూసింది. ఆ కాగితం ముఠా చేతిలో పడితే వారం తిరక్కుండా పదకొండు ఇళ్ళలో శవాలు లేస్తాయి.

"కాగితం రేపు మధ్యాహ్నం పన్నెండింటికి చేతులు మారుతుంది," అర్నుల్ఫో మ్యాప్ మీద వేలు పెట్టాడు. "పోర్తోబెలో. సముద్రపు ఒడ్డు కోట. ముఠాలో మనకొక మనిషి ఉంది. కోడ్‌నేమ్ 'పగడం'. అసలు పేరు మార్గో. సొంత పడవ, సొంత డబ్బు, చాలా హుందా అయిన మనిషి. సమాచారం ఆమెదే. నువ్వు టూరిస్టుగా వెళ్తావు. ఆమె చూపించిన మనిషిని పట్టుకుంటావు."

"రేపు విభూది బుధవారం సార్."

"అందుకే ముఠా ఆ రోజు ఎంచుకుంది. కార్నివాల్ ఇవాళ్టితో అయిపోతుంది. రేపు జనమంతా చర్చిలో మోకాళ్ళ మీద ఉంటారు. ఊరు నిద్రపోతుంది."

అర్నుల్ఫో ఫైలు తిప్పాడు. "ఇంకో సంగతి. అక్కడ 'కాంగో' అనే స్థానిక ముఠా ఉంది. దానికొక రాణి, ఒక వేగులవాడు, సైన్యం. బయటివాళ్ళను పట్టుకుని విడుదలకు మూల్యం అడుగుతారు. ఎదురు తిరగొద్దు."

"ఆ రాణి ఎవరో తెలిసిందా సార్?"

"గుర్తించే పని జరుగుతోంది."

ఆ రాణి రోడ్డు పక్కన కొబ్బరి అన్నం, వేయించిన చేప అమ్ముతుంది. కావాలంటే ఫోన్ నంబరు కూడా బల్ల మీద రాసి ఉంటుంది. పెత్రోనా పిన్ని! కసిల్డా పుట్టింది కోలోన్ ఆసుపత్రిలో గనక ఫైల్లో 'కోలోన్' అని ఉంది. పెరిగింది పోర్తోబెలోలో అని ఎవరూ అడగలేదు. రాజధాని వాళ్ళకి ఆ తీరంలో నల్లవాళ్ళంతా ఒకటే ఊరు. అడగనిది చెప్పడం ఆమె ఉద్యోగంలో లేదు.

పరికరాలు ఇచ్చారు. దూరం మాటలు లాగే మైక్ ఉన్న కెమెరా, ట్రాన్స్‌మిటర్ దాచిన లిప్‌స్టిక్, గోధుమరంగు సాఫీ జుట్టు విగ్గు, పూల చొక్కా, గడ్డి టోపీ. తుపాకి ఇవ్వలేదు. టూరిస్టుకు తుపాకి ఎందుకన్నాడు.

* * *

బుధవారం పదిన్నరకు, ఓడ దిగిన ముప్ఫై మంది విదేశీయులతో పాటు టొరంటో నుంచి వచ్చిన మిస్ డోరతీ కూడా కోట ముందు బస్సు దిగింది. ఎండ, గాలి, ఎండుచేపల వాసన. చిన్నప్పుడు మేకల్ని తోలుకుంటూ, బంతి ఆడుకుంటూ వెయ్యిసార్లు తిరిగిన కోటను టికెట్ చూపించి, నోరు తెరుచుకుని చూడాల్సి వచ్చింది.

"ప్రపంచంలోని బంగారమంతా ఒకప్పుడు ఇక్కణ్ణించే వెళ్ళింది," అన్నాడు గైడ్. "ఈ కోటను రాజుగారు కట్టించారు."

రాజుగారు ఒక్క రాయి మొయ్యలేదు. సముద్రంలోంచి పగడపు రాళ్ళు కోసి నెత్తిన మోసినవాళ్ళ పేర్లు గైడ్ కాగితంలో లేవు. బంగారంతో పాటు ఇక్కడి కస్టమ్స్ హౌస్ మెట్ల మీద మనుషుల్ని కూడా లెక్కపెట్టి అమ్మారన్న ముక్క ఓడ కంపెనీ కొట్టేయించింది. సెలవులో ఉన్నవాళ్ళకి మనసు కష్టపడకూడదట. సందర్శకులు వరసలో నిలబడి తుప్పుపట్టిన ఫిరంగుల నోట్లో చెయ్యి పెట్టి ఫోటోలు దిగారు. ఒక లావుపాటి ఆయన ఫిరంగి ఎక్కి గుర్రంలా తోలాడు. దొంగలొచ్చిన ప్రతిసారీ చేతులెత్తేసిన కోటకు ఇంతకన్నా మర్యాద అక్కర్లేదు.

ఊరు మాత్రం నిద్రపోలేదు. డోళ్ళు మోగుతున్నాయి. తిరగేసి తొడుక్కున్న కోట్లతో, నడుముకు డబ్బాలు సీసాలు వేలాడేసుకున్న మగాళ్ళు, రంగు గుడ్డముక్కల పావడాల ఆడాళ్ళు కోట ద్వారానికి అడ్డంగా తాడు కట్టారు. కాంగోలు! దొరల దగ్గర్నుంచి అడవిలోకి పారిపోయిన బానిసల మనవళ్ళు. ఆ తాతలు దొరల చింకి కోట్లను తిరగేసి తొడిగి దొరల్నే వెక్కిరించారు. ఈ ఋతువులో ఊరు వాళ్ళ రాజ్యం. బయటివాడి టోపీనో, చెప్పునో, మనిషినో పట్టుకుంటారు. ఒక సీసా సారా ఇస్తేనో, ఒక ఆట ఆడితేనో వదిలేస్తారు.

ఈకల టోపీ, మెడలో ఈల వేసుకున్న అరవయ్యేళ్ళ మనిషి పిల్లిలా వచ్చాడు. నిఘా విభాగం ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకునే కెమెరా కసిల్డా మెడలోంచి మాయమైంది. వేగులవాడు తెయోఫిలో. దాన్ని ఎత్తి చూపిస్తూ గెంతాడు.

"కొత్త బందీ! కొత్త బందీ! తల్లీ, సీసా తెచ్చి విడిపించుకో!"

"ఓహ్, హౌ లవ్లీ," అంది మిస్ డోరతీ, పళ్ళు కొరుక్కుంటూ.

జనం నవ్వుతూ ఆమెను రాణి ముందుకు తోశారు. అట్ట కిరీటం, దానికి అద్దం ముక్కలు. కుర్చీలో పెత్రోనా పిన్ని కాళ్ళు బారజాపి కూర్చుని ఉంది. విగ్గు చూసింది. నల్ల కళ్ళద్దాలు చూసింది. తర్వాత కింద మురుగుకాలువ చూసింది. అక్కడ మిగతా టూరిస్టులంతా తడబడ్డారు. ఈ టూరిస్టు చూడకుండానే దాటేసింది.

"ఈ దొరసాని జుట్టు ఏ ఊరిదో గానీ," అంది పిన్ని అందరికీ వినపడేలా, "కాళ్ళు మాత్రం మనూరివే!"

జనం గొల్లుమన్నారు. కసిల్డా వంగి రాణి చెయ్యి ముద్దు పెట్టుకున్నట్టు నటిస్తూ గొణిగింది. "పిన్నీ, నోరు మూసుకో. పనిమీద వచ్చా."

"ఒసే, ఆ చచ్చిన ఎలకని నెత్తిన పెట్టుకుని ఏం పనే?" పిన్ని పెదాలు కదలకుండా అంది.

"ఇంటికెళ్ళి తలుపేసుకో. నీకు మంచిది కాదివాళ."

"ఇవాళా? దయ్యాల జ్ఞానస్నానం రోజు రాణి ఇంట్లో కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? పో, నీ పని నువ్వు చూసుకో. నా పని నే చూసుకుంటా."

అంతలో కేకలు. సందులోంచి ఒక దయ్యం దూకింది. ఎర్ర బట్టలు, నల్ల బట్టలు, కొమ్ముల ముసుగు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. ఊళ్ళో కొరడా పట్టుకునే హక్కు దయ్యానిదే, ఎందుకంటే ఒకప్పుడు ఆ కొరడా పట్టుకున్నది దొర. ఫిరంగి ఎక్కిన లావుపాటాయన కాళ్ళ మీద ఛెళ్ళున తగిలింది. ఆయన లబోదిబోమన్నాడు. పిన్ని లేచి, కాలి బొటనవేలితో ఆయన ముందు ఇసకలో ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీసింది. సిలువ. దయ్యం ఒళ్ళు కాలినట్టు అరిచి, పొర్లి, వెనక్కి పరిగెత్తింది. తెల్లబట్టల దేవదూతలు ఆరుగురు తాళ్ళు పట్టుకుని దాని వెంట పడ్డారు.

టూరిస్టులు చప్పట్లు కొట్టారు. ఆట అనుకున్నారు. నిన్నటిదాకా ఊరిని కొట్టిన ప్రతి దయ్యాన్నీ ఇవాళ సాయంత్రంలోగా పట్టుకుని, నీళ్ళు పోసి, పేరు అడిగి, ముసుగు తీసి, కస్టమ్స్ హౌస్ మెట్ల మీద అమ్మేస్తారు. దయ్యాలన్నీ కొండలెక్కి దాక్కుంటాయి. తాగి తూలే దయ్యమైనా సరే, గీసిన సిలువ దగ్గర ఆగాల్సిందే. ఇది ఈ తీరంలో పాలు మరవని పిల్లకి కూడా తెలుసు.

* * *

పదకొండుంపావుకు గోడ మీద తెల్లటి గొడుగు కనపడింది. గొడుగు కింద మార్గో. ఇస్త్రీ చెదరని తెల్ల గౌను, మెడలో ఎర్ర పగడం, ఆ ఊరి చెమట తనకు వర్తించదన్నట్టు మొహం. గోడ కింద నీళ్ళలో ఆమె మోటారుబోటు. దూరంగా అఖాతంలో తెల్లటి పెద్ద పడవ.

కసిల్డా ఫిరంగి మీద చెయ్యి వేసి కోడ్ చెప్పింది. "ఈ ఫిరంగులు ఎప్పుడైనా గురి చూసి కొట్టాయా?"

"లేదు. అందుకే ఇంకా అందంగా ఉన్నాయి," అంది మార్గో. సరైన జవాబే. గొంతు తేనెలా ఉంది. "మీవాళ్ళు మరీ ఇంత పూల చొక్కా ఇస్తారనుకోలేదు."

"మనిషెక్కడ?"

"కస్టమ్స్ హౌస్ గుమ్మం దగ్గర. పన్నెండుకు రెండు నిమిషాల ముందు వస్తాడు. టోపీకి ఆకుపచ్చ చిలక బొమ్మ ఉంటుంది. కాగితం టోపీ లోపల. మీరు వెళ్ళి అక్కడ నిలబడండి. ఇక్కడ నన్ను చూస్తే వాడు బెదిరిపోతాడు."

తెయోఫిలో గెంతుతూ వచ్చి మార్గో ముందు ఈల ఊదాడు. "దొరసానీ! మా రాజ్యంలో గొడుగు వేసుకున్నారు. ఒక్క సీసా!"

మార్గో అతని వైపు చూడను కూడా చూడలేదు. "వీళ్ళని అవతలికి పొమ్మనండి. బిచ్చగాళ్ళు."

తెయోఫిలో మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. చేతులు జోడించి, వెనక్కి వెనక్కి నడుస్తూ, గోడ దిగి మాయమయ్యాడు. ఆ నవ్వు ఏంటో కసిల్డాకు తెలుసు. కాంగోను తిట్టినవాడు ఇంటికెళ్ళాక ఏదో ఒకటి వెతుక్కుంటాడు.

పన్నెండుకు రెండు నిమిషాలు. కస్టమ్స్ హౌస్ గుమ్మం. చిలక టోపీ వచ్చింది. దాని కింద ఉన్నది ఫిరంగి గుర్రం తోలిన లావుపాటాయనే. కసిల్డా "అయ్యో, ఎంత బాగుందో" అంటూ టోపీ లాక్కుని లోపల వేళ్ళు పెట్టి తడిమింది. చెమట తప్ప ఏమీ లేదు.

"గొడుగేసుకున్న మంచావిడ ఇచ్చింది," అన్నాడాయన మురిసిపోతూ. "పన్నెండింటికి ఇక్కడ నిలబడితే ఫోటో బాగా వస్తుందంది."

పగడం తమ మనిషి కాదు. కాగితం అందుకునేది ఆవిడే. తనను కోట నుంచి ఇటు తోసేసింది. లిప్‌స్టిక్ తిప్పింది. ఉప్పుగాలికి తడిసి అది కుయ్యిమని చచ్చిపోయింది. పద్నాలుగో అంతస్తులో అద్భుతంగా పనిచేసిందట!

వెనక్కి పరిగెత్తింది. కోట గోడ మలుపులో ఒక దయ్యం ఎదురైంది. ఒక్కటే. దాని వెంట దేవదూతలు లేరు, పిల్లల కేకలు లేవు. కొండకు కాదు, మూడు వైపులా నీళ్ళున్న కోటలోకి వెళ్తోంది. దారిలో నిలబడ్డ ఇద్దరు పోలీసులు దానికి దారి ఇచ్చి నవ్వారు. ఇవాళ దయ్యాన్ని ఐడీ కార్డు అడిగే పోలీసు ఎవడు?

దయ్యం కసిల్డాను చూసింది. ఒక్క క్షణం ఆగి కొరడా ఎత్తింది. పన్నెండేళ్ళ ట్రైనింగు ఏమైపోయిందో గానీ, ఆమె కాలి బొటనవేలు దానంతటదే కదిలింది. చిన్నప్పుడు కదిలినట్టే. నిలువు గీత, అడ్డగీత.

దయ్యం సిలువ తొక్కుకుంటూ నడిచొచ్చింది.

అరవలేదు, పొర్లలేదు. కొత్త తోలు చెప్పు ఇసకలో గీతను చెరిపేసింది. చెప్పుకూ ప్యాంటుకూ మధ్య తెల్లటి చీలమండ, దాని చుట్టూ రోజూ మేజోళ్ళు తొడిగేవాడికి పడే నొక్కు. గజ్జెలు లేవు. కొరడా పిడి మామూలుకన్నా లావు. ముసుగు కొమ్మొకటి కసిల్డా భుజానికి కొట్టుకుంది. ఆమె గోడకు తగిలి పడింది. దయ్యం సముద్రం వైపు గోడకేసి అడుగులు పెంచింది.

ఈ ఊళ్ళో అడుగడుక్కీ నవ్వుకుంటూ దారిచ్చే ముసుగు అది. అందుకే తొడిగాడు. అయితే ఆ ముసుగుకు ఏ రోజు ఏం జరుగుతుందో అడగలేదు. నల్లవాళ్ళ గెంతులకు కూడా నియమాలుంటాయని అతనికి తట్టి ఉండదు.

కసిల్డా విగ్గు పీకి అవతల పారేసింది. ఊపిరి బిగబట్టి, టొరంటో ఆడపిల్లలకు రాని గొంతుతో, మేకల్ని తోలే గొంతుతో కేక వేసింది.

"దయ్యం! నీళ్ళు పడని దయ్యం! కోటలో! సిలువ తొక్కింది!"

డోళ్ళు ఆగిపోయాయి.

"ఏంటీ?" పిన్ని గొంతు.

"సిలువ తొక్కింది పిన్నీ! నా ముందే!"

తెయోఫిలో ఈల మోగింది. మూడుసార్లు, పొడుగ్గా. ఆ తర్వాత జరిగింది ఏ ట్రైనింగు పుస్తకంలోనూ ఉండదు. తెల్లబట్టల ఆరుగురు, వెనక తిరగేసిన కోట్లు నలభై, గుడ్డముక్కల పావడాలు ఇంకో యాభై, వాటి వెనక కొబ్బరి అన్నం గరిటెతో సహా ఊరు. ముందు కిరీటం చేత్తో పట్టుకుని అరవై ఏడేళ్ళ రాణి. చివరికి పోలీసులిద్దరూ కూడా ఎందుకో తెలియకుండా పరిగెత్తారు.

దయ్యం పరుగు అందుకుంది. నడుములోంచి పిస్తోలు తీసి గాల్లోకి పేల్చింది. జనం ఇంకా గట్టిగా కేకలేశారు. టపాకాయ అనుకున్నారు. తాడు మెడకు పడింది, ఇంకో తాడు కాళ్ళకు పడింది. పడిపోతూ దయ్యం కొరడాను గోడ మీదికి విసిరింది. మార్గో గొడుగు వదిలేసి దాన్ని అందుకుంది.

"పిడి! కాగితం పిడిలో ఉంది!" కసిల్డా గోడ వైపు దూకింది.

మార్గో గోడ దిగి బోటులో పడింది. తాళం కోసం చెయ్యి పెట్టింది. తాళం లేదు. మళ్ళీ పెట్టింది. లేదు.

గోడ మీద తెయోఫిలో తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. "ఒక్క సీసా అన్నాను కదమ్మా, పొద్దున్నే."

"ఇవ్వు దాన్ని!" మార్గో చిన్న పిస్తోలు తీసింది. మొదటిసారి ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

"ముందు సీసా. రాణిగారి ఆజ్ఞ."

అఖాతంలోని పెద్ద పడవ నుంచి రెండో బోటు దూసుకొస్తోంది. నలభై గజాలు. ముప్ఫై. బోటులో మనిషి చేతులు చాపాడు. మార్గో తెయోఫిలోను వదిలేసి, కొరడా పిడి పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వంచి విసిరింది. పిడి గాల్లో లేచింది, పదకొండు ప్రాణాలతో సహా. దాని వెనక పాములా తోలు వారు సాగింది.

కసిల్డా గోడ అంచు నుంచి ముందుకు పడుతూ ఆ వారు కొస పట్టుకుంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు కాళ్ళ మీద వాతలు పెట్టిన వారో! అరచేతిలో తోలు ఒరుసుకుని రక్తం చిమ్మింది. వదల్లేదు. చాపిన చేతులకు జానెడు దూరంలో పిడి ఆగి, గిర్రున తిరిగి, నీళ్ళలో పడి, వెనక్కి వచ్చింది. తెయోఫిలో ఆమె రెండు కాళ్ళూ పట్టుకోకపోతే ఆమె కూడా నీళ్ళలోనే ఉండేది.

పోలీసుల తుపాకులు చూసి రెండో బోటు వెనక్కి తిరిగింది. మార్గో పిస్తోలు ఎత్తబోయింది. ఊగిన బోటు ఆమెను తీసుకెళ్ళి ఆ ఊరి మురుగుకాలువ సముద్రంలో కలిసేచోట, బురదలో కూర్చోబెట్టింది. తెల్ల గౌను తన రంగు తెలుసుకుంది.

"బందీ!" అన్నాడు తెయోఫిలో. "ఇప్పుడు రెండు సీసాలు."

* * *

దయ్యాన్ని కస్టమ్స్ హౌస్ మెట్ల దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఆచారం ఆచారమే. పిన్ని బకెట్టు పట్టుకుని నిలబడింది.

"నీ పేరేంటి దయ్యమా?"

"నన్ను వదలండి! నేనెవరో తెలుసా మీకు?" ముసుగులోంచి గొంతు.

"తెలియకే కదయ్యా అడుగుతున్నా. ఎవరి పనివాడివి?"

"ఇది కిడ్నాప్! మీ ఊరంతటినీ జైల్లో పెట్టిస్తా!"

"భాష చూడు, అసలైన దయ్యమే," అన్నారెవరో. బకెట్టు నీళ్ళు నెత్తిన పడ్డాయి. దేవదూతలు ముసుగు లాగేశారు.

ఎండ కొత్తగా చూసిన మొహం. తడిసిన మీసం. డిప్యూటీ డైరెక్టర్ అర్నుల్ఫో.

కసిల్డా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి కూర్చున్నది ఆయన. పెట్టె తెరిచిందీ, కాపలాదారు చేతులు కట్టిందీ ఎవరో అడగక్కర్లేకపోయింది. ఇక్కడికి ఎవరినైనా పంపి తీరాలని డైరెక్టరు పట్టుబడితే, కాగితం పోయాక తప్పు తోయడానికి పనికొస్తుందని ఆయన కసిల్డాను ఎంచుకున్నాడు. చిలక టోపీకి కాపలా పెట్టాడు.

"ఊరు నిద్రపోతుందన్నారు సార్," అంది.

"ఇదంతా... ఈ కోతి వేషాలు... అయిపోయాయన్నారు నిన్నటితో," అర్నుల్ఫో గొణిగాడు.

"అడగాల్సింది. ఇక్కడ అన్నం అమ్మే ఆవిడ కూడా చెప్పేది."

కొరడా పిడి మర తిప్పితే సిగరెట్టులా చుట్టిన కాగితం బయటికొచ్చింది. తడవలేదు. పిన్ని పక్కకొచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"ఏంటే అది?"

"నీ పేరు పిన్నీ. నాలుగోది."

పిన్ని ఆ కాగితం మీద వేలు పెట్టింది. "బయటికి రాదన్నావు," అంది.

"అన్నాను. అందుకే ఆ ఎలకని నెత్తిన పెట్టుకున్నా."

"పూర్తిపేరు రాశారా?"

"రాశారు."

"తప్పుల్లేకుండా?"

"తప్పుల్లేకుండా."

"ఊఁ," అంది పిన్ని. కసిల్డా అప్పటికే తీసిన అగ్గిపెట్టె లాక్కుని కాగితానికి తనే నిప్పు పెట్టింది. పదకొండు పేర్లూ కసిల్డాకు ఈపాటికి కంఠతా వచ్చేశాయి. తల కంటే మంచి ఇనప్పెట్టె ఆ దేశంలో లేదు. పిన్ని బూడిదను వేలితో అద్దుకుని, ముందు కసిల్డా నుదుటి మీద, తర్వాత తన నుదుటి మీద సిలువ గీసుకుంది. విభూది బుధవారమే కదా.

ఇక అమ్మకం మిగిలింది. ఒకప్పుడు మనుషుల పళ్ళు చూసి బేరం చేసిన ఆ మెట్ల మీదే తెయోఫిలో అర్నుల్ఫోను నిలబెట్టి, గడ్డం ఎత్తి, నోరు తెరిపించాడు.

"రండి బాబూ రండి! కొత్త దయ్యం! నీళ్ళు పోసి శుభ్రం చేసింది! పళ్ళు గట్టివి, చేతులు మాత్రం మెత్తన, పనికి రావు. ఎవరికి కావాలి?"

"పీతలు పట్టగలడా?"

"పట్టలేడు."

"అన్నం వండగలడా?"

"తినగలడు."

"మాకొద్దు!" అంది ఊరంతా. మిగతా దయ్యాలన్నీ సాయంత్రానికి అమ్ముడుపోయాయి. ప్రతిదానికీ ఒక తల్లో, పెళ్ళామో ముందుకొచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఇదొక్కటే మెట్ల మీద మిగిలింది.

చీకటి పడుతుండగా రాజధాని నుంచి నల్ల కారు వచ్చింది. దాంట్లోంచి దిగిన అధికారి తడిసిన ఎర్రబట్టల అర్నుల్ఫోను కిందికీ పైకీ చూసి, "ఇతన్ని మేం తీసుకెళ్తాం. సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

"సంతకాలేం వద్దు నాయనా, తీసుకెళ్ళు," పెత్రోనా పిన్ని కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మిన సరుకైతే నచ్చకపోతే వెనక్కి తీసుకునేవాళ్ళం. ఊరికే ఇచ్చింది తీసుకోం."